ఎలుగు ఏసం

పెళ్ళిచూపులనాడు మా నాన్న ఒకే ఒక్క అబద్ధం ఆడాడు. మా అమ్మాయికి కుట్టుపని వచ్చునన్నాడు. మిగతావన్నీ నిజాలే. చదువు ఎనిమిదో తరగతి, వంట ఓ మాదిరి, నోరు మాత్రం పుష్కలం. ఆ కుట్టుపని మాట కూడా మరీ పచ్చి అబద్ధమేం కాదు. అప్పటికి నేను నాలుగు చేతిరుమాళ్ళూ, ఒక దిండు గలీబూ కుట్టి ఉన్నాను. గలీబు మూడు వైపులా కుట్టాలి. నేను ఉత్సాహం పట్టలేక నాలుగు వైపులా కుట్టేశాను. దిండు లోపలికెలా వెళుతుందే అని మా అమ్మ అడిగేదాకా ఆ సంగతి నాకు తట్టలేదు.

ఆ ఒక్క అబద్ధం పుణ్యమా అని, అరవైల చివర్లో ఒక డిసెంబరు నెలంతా నేను పలాసలో మా అత్తగారింటి వసారాలో కూర్చుని, నిలువెత్తు ఎలుగుబంటిని కుట్టాను. బొమ్మని కాదు. మనిషి లోపల దూరి నడిచే ఎలుగుబంటిని, తలనుంచి గోళ్ళదాకా, బొచ్చుతో సహా.

అసలు గొడవంతా మిషనుది. మా అత్త దగ్గర ఒక చేతి కుట్టుమిషను ఉండేది. పిడి పట్టుకుని తిప్పితే దాని చప్పుడు విని, గూడ్సు బండి వస్తోందనుకుని రైల్వేగేటు మూసేసేవారంటాను నేను. గేటు ఒక్కసారే మూశారంటాడు మా ఆయన. మా అత్త వయసులో ఉండగా దానిమీద ఊరందరికీ జాకెట్లు కుట్టిందట. తర్వాత జీడిపప్పు బట్టీలో పిక్కలు కొట్టే పనికి వెళ్ళింది. ఆ పిక్కల్లో నూనె ఉంటుంది, చర్మానికి తగిలితే పొక్కిపోతుంది. చేతులకి బూడిద రాసుకుని కొట్టినా సరే, నాలుగేళ్ళు తిరిగేసరికి వేళ్ళు నల్లబడిపోతాయి. ఆ వేళ్ళతో ముట్టుకుంటే ఎవరి తెల్లగుడ్డ మీదైనా మరకలే. అలా మిషను మూలపడింది.

ఇచ్ఛాపురంలో కాపురముంటున్న మా ఆడబిడ్డ ఆ మిషను తనకి ఇచ్చేయమని ఉత్తరం మీద ఉత్తరం రాస్తోంది. కుట్టువచ్చిన కోడలు ఇంట్లో ఉండగా ఎలా ఇస్తానని మా అత్త. అయితే పెళ్ళయి ఎనిమిది నెలలైనా ఆ కోడలు ఒక్క బొత్తం కూడా కుట్టగా ఎవరూ చూడలేదని మా ఆడబిడ్డ. పాయింటు బలంగానే ఉంది. దాంతో మా అత్త ఒకరోజు బట్టీనుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, తీర్పు చెప్పేసింది. క్రిస్మసుకి ఏదో ఒకటి కుట్టి చూపించాలి. బాగుంటే మిషను నాది. ఊళ్ళోవాళ్ళ జాకెట్లు కుట్టుకుంటూ ఇంట్లో కూర్చోవచ్చు. బాగోకపోతే పండక్కి వచ్చిన కూతురు మిషను పట్టుకుపోతుంది, జనవరినుంచి నేను అత్త వెంట బట్టీకి వెళ్ళాలి. నేను నా పది వేళ్ళవంకా చూసుకున్నాను. అంతకుముందెప్పుడూ అవి నాకంత అందంగా కనపడలేదు.

అది జరిగిన రెండోరోజునే సంఘపెద్ద మా గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. మాది మిషన్‌వారి సంఘం. గంట కొట్టడం, కబుర్లు మోయడం, పాటల మధ్య దగ్గడం ఆయన పనులు. క్రిస్మసు సాయంత్రం గుడిలో ఆడే నాటకాన్ని కొత్తగా వచ్చిన టీచరమ్మ రాసింది. ఆవిడది కృష్ణాజిల్లా. ఆవిడ పంపిన కబురు ఆయన నిలబడే చెప్పేశాడు.

"మీవోడికి ఈపాలి ఎలుగు ఏసం ఇచ్చారు. బట్టలు మీరే కుట్టుకోవాలంట."

మా ఆయన అప్పుడు ఇచ్ఛాపురం స్టేషన్లో గూడ్సు ఆఫీసులో గుమాస్తా. ఆ నెలంతా సెలవు దొరకలేదు, అక్కగారింట్లోనే ఉండి డ్యూటీ చేస్తున్నాడు. ఆయన మాట్లాడాల్సినది రెండు ముక్కలేననీ, అవి కార్డు మీద రాసి పంపేస్తాననీ టీచరమ్మ చెప్పిందట.

క్రిస్మసుకీ ఎలుగుబంటికీ ఏమిటి సంబంధమని నేను అడిగాను.  గొర్రెలు ఉన్నాయి కదా అంది మా అత్త. ఒంటెలు ఉన్నాయి కదా అంది. గొర్రెలు కాసుకునే కుర్రాడొకడు ఎలుగుని చంపిన సంగతి బైబిలు వాక్యంలోనే ఉంది కదా అంది. అప్పటికీ నా మొహంలో అనుమానం పోలేదు కాబోలు, టీచరమ్మ చదువుకున్న మనిషి, మనకి తెలియనిదేదో ఆవిడకి తెలిసుంటుంది, నీకు కుట్టు వచ్చా రాదా అంది. వచ్చునన్నాను.

మొదటిరోజే మిషను సూది విరగ్గొట్టాను. రెండు గోనెసంచులు ఒకదానిమీద ఒకటి పెట్టి తిప్పితే, ఆ సూది టప్పుమని విరిగి, ఎగిరి, పక్కింటివాళ్ళ పప్పుచారులో పడింది. అంతదూరం ఎగరలేదని మీరంటే నేను వాదించను. ఇంకో సూది లేదు. విరిగిందని చెబితే నా పని అయిపోయినట్టే. అందుకని మిషనులో మిగిలిన ముక్కని తీసి దాచేసి, దబ్బనం తీసుకుని, పురికొసతో చేత్తో కుట్టడం మొదలుపెట్టాను. సాయంత్రం మా అత్త వీధి మలుపు తిరిగే వేళకి మాత్రం మిషను ముందు కూర్చుని ఊరికే పిడి తిప్పేదాన్ని. ఆ చప్పుడు వింటూ ఆవిడ లోపలికి వచ్చేది. ఏమీ అనేది కాదు. ఎంత తెలివిగలదాన్నో అని నన్ను నేను మెచ్చుకునేదాన్ని.

కొలతలకి మా ఆయన పాత లాగూ, పాత చొక్కా తీసుకుని, గోనెమీద పరిచి, బొగ్గుతో గీసి కత్తిరించాను. చొక్కాకి కిందా లాగూకి పైనా కలిపి కుట్టేస్తే నిలువు తొడుగు అయిపోతుంది కదా. మనిషి వంగినప్పుడూ కూర్చున్నప్పుడూ వెనక కొంచెం గుడ్డ ఎక్కువ కావాలన్న సంగతి దర్జీలకి తెలుసు, నాకు తెలియదు. దానికి తోడు చొక్కా జానెడు పొట్టి అయింది. లోపల దూరిన మనిషి నిటారుగా నిలబడితే ఎక్కడో ఒకచోట చిరగాలి, చిరగకూడదంటే వంగి ఉండాలి. అది తప్పని అప్పుడు అనుకున్నాను. ఆ తప్పే నన్ను కాపాడింది, ఆ సంగతి తర్వాత.

బొచ్చు సంగతి మా అత్త తమ్ముడు చూసుకున్నాడు. ఆయనది ఉద్దానంలో సముద్రం ఒడ్డు ఊరు. కొబ్బరితోటల్లో పని, వానలకి ముందు తాటాకిళ్ళు కప్పడం. ఎలుగుల విషయంలో ఆయనకి మించిన పండితుడు మా చుట్టాల్లో లేడు, ఎందుకంటే ఓ ఎండాకాలం జీడితోటలో పళ్ళు తింటున్న ఎలుగు ఆయన్ని భుజంనుంచి మోచేతిదాకా గీరి వదిలిపెట్టింది. ఆ మచ్చ చూపించమంటే చాలు, చొక్కా విప్పేవాడు. చూపించిన ప్రతిసారీ ఎలుగు ఒక అడుగు పెరిగేది. మా ఇంట్లో పెంచి చెప్పే జబ్బు నా ఒక్కదానికే కాదు.

ఆయన బస్సు టాపు మీద ఓ మూటెడు కొబ్బరిపీచు వేసుకుని వచ్చాడు. ఆ పీచుని పెద్ద డేగిసాలో నల్లరంగు వేసి మరగబెట్టాం. మొదటి వాయ నల్లగా వచ్చింది, రెండోది వంకాయరంగు, మూడోది మబ్బురంగు. బాధలేదు కోడలా, తోటల్లో తిరిగే ఎలుగుకి ఒళ్ళంతా దుమ్మే అన్నాడు మావ. ఆరాక ఆ పీచుని దువ్వెనతో దువ్వి, పాయలు తీసి, కనకాంబరాలు మాల కట్టినట్టు దారంతో కట్టుకుంటూ పోయాను. మాల కట్టడం నాకు నిజంగానే వచ్చు. అలా కట్టిన బొచ్చు దండలు గనక ఒకదానికొకటి ముడేస్తే పలాసనుంచి టెక్కలిదాకా వచ్చేవి.

ఆ దండల్ని మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి వరసగా కుట్టుకొచ్చాను. మూడురోజులు కుట్టాక నడుందాకా వచ్చింది. చూస్తే ఎలుగులా లేదు, వర్షంలో తడిసి వచ్చిన చాపలా ఉంది. ప్రతి వరసా పై వరస కుట్టు మీద ఎక్కి కూర్చుని నిక్కపొడుచుకుంటోంది. రెండోసారి వచ్చిన మావ దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"ఇల్లు కప్పడం సూరు కాణ్నించి మొదలెడతారా, కొప్పు కాణ్నించా?"

కింద చూరు దగ్గర్నుంచే, పైన కొప్పు ఆఖర్న అన్నాను. మరి దీనికి కొప్పు కాణ్నించి ఎందుకు మొదలెట్టావన్నాడు. మూడురోజుల పనీ విప్పేసి, ఈసారి కాలిమడమల దగ్గర మొదలుపెట్టి, తాటాకు మీద తాటాకు పరిచినట్టు ఒక వరస మీద ఇంకో వరస వాలేలా పైకి కుట్టుకుపోయాం. ఆయన కాళ్ళు, నేను చేతులు. మెడ దగ్గర మాత్రం బొచ్చుని ముందుకీ పక్కలకీ విరగదువ్వి కుట్టాలని ఆయన పట్టుబట్టాడు. నామీద పడ్డప్పుడు నాకు కనపడింది ఆ మెడే, నాకు తెలవదా అన్నాడు. రొమ్ము మీద ఎలుగుకి తెల్లగా కొడవలిలా ఒక మచ్చ ఉంటుందని కూడా ఆయనే చెప్పాడు. దానికి తెల్లగుడ్డ ఎక్కడ దొరుకుతుందని చూసి చూసి, నా పెళ్ళిచీర లోపలి చెంగులోంచి ఒక ముక్క కత్తిరించేశాను. ఆ సంగతి ఈరోజువరకూ మా ఆయనకి చెప్పలేదు. ఇప్పుడిది చదివి తెలుసుకోనీ.

తలకి భావనపాడునుంచి ఒక వెదురుబుట్ట తెచ్చాడు మావ. మూతికి కొబ్బరిచిప్ప. గోళ్ళు కూడా చిప్ప చెక్కినవే. బుట్ట కొత్తదే అన్నాడు గాని, ఎండుచేపలకి అది కొత్తది కాదని ముక్కుకి తెలిసిపోయింది. నాలుగుసార్లు కడిగాను. ప్రతిసారీ నీళ్ళు శుభ్రంగా అయ్యాయి, బుట్ట కాలేదు.

మధ్యలో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక టీచరమ్మ నన్ను ఆపి, వేషం ఎంతవరకూ వచ్చిందని అడిగింది. బాగా మెరుస్తూ ఉండాలంది. చూసేసరికి గుడిలో అందరి కళ్ళూ దానిమీదే పడాలంది. పడతాయండీ, పడి లేచి పరిగెడతారు అన్నాను. ఆవిడ నవ్వి, నా భుజం తట్టి వెళ్ళిపోయింది. ఇంటికొచ్చి ఎలుగుకి నిలువెల్లా కొబ్బరినూనె రాశాను. మెరిసింది.

క్రిస్మసు మధ్యాహ్నం బండికి మా ఆయనా, మా ఆడబిడ్డా దిగారు. ఆవిడ మిషను కట్టుకుపోవడానికి ఒక కొత్త తాడు కూడా తెచ్చుకుంది. అన్నాలయ్యాక మా అత్త దుప్పటి తీసి వేషం చూపించింది. గోడకి చేరగిలబడి కూర్చుని ఉంది ఎలుగు, ఒడిలో చేతులు పెట్టుకుని, సంబంధం ఖాయం చేయడానికి వచ్చిన పెద్దమనిషిలా. మా ఆయన దాన్ని చూశాడు. జేబులోంచి టీచరమ్మ రాసిన కార్డు తీసి చూశాడు. మళ్ళీ ఎలుగుని చూశాడు.

"వెలుగుకి బొచ్చేటే?" అన్నాడు నాతో.

ఇక్కడ మా ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి. 'వె' అన్న అక్షరం మావాళ్ళ నోట్లో నిలవదు. వెళ్ళు ఎల్లు అవుతుంది, వెన్న ఎన్న అవుతుంది, వేషం ఏసం అవుతుంది. దీపం పెడితే ఇంట్లోకి వచ్చేదీ ఎలుగే, జీడితోటలోంచి వచ్చేదీ ఎలుగే. ఏ ఎలుగో మాకు సమయాన్నిబట్టి తెలుస్తుంది. టీచరమ్మ చెప్పింది వెలుగు వేషం. తెల్లబట్టలు, తళుకు కాగితాలు. అది సంఘపెద్ద నోటినుంచి మా అత్త చెవిలోకి వచ్చేలోపల దానికి నాలుగు కాళ్ళూ, గోళ్ళూ మొలిచాయి. పోనీ టీచరమ్మ నాతో మాట్లాడినప్పుడు వెలుగు అనే అని ఉంటుంది కదా అంటారేమో. చదువుకున్నవాళ్ళు మాటల ముందు ఏదో ఒకటి తగిలిస్తూనే ఉంటారు, అన్నీ పట్టించుకుంటామా?

మా ఆడబిడ్డ నవ్వింది. నవ్వి నవ్వి ఆ కొత్తతాడుతోనే కళ్ళు తుడుచుకుంది. తర్వాత, ఓ తెల్లపంచె కప్పి పంపేస్తే సరిపోతుందనీ, ఈ పీచంతా దేనికైనా పనికొస్తుందేమో చూసుకోమనీ, తాను రాత్రి బండికే మిషనుతో వెళ్ళిపోతాననీ చెప్పింది. మా ఆయన కూడా పంచె ఎక్కడుందని అడిగాడు. నేను వంటింట్లోకి వెళ్ళి, చేసే పనేమీ లేక, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. జనవరి నెల, బట్టీ, బూడిద, నా పది వేళ్ళు, అన్నీ ఆ గిన్నెల్లో కనపడ్డాయి.

మా అత్త నన్ను పిలిచి కార్డు చదవమంది. చదివాను. మళ్ళీ చదవమంది. మూడోసారి 'వె' దగ్గర ఆగమంది. ఆగాను. ఆవిడ కాసేపు ఎలుగువంకా, కాసేపు నావంకా చూసింది.

"తప్పు ఇన్నది నాను," అంది. "అది కుట్టమన్నది కుట్టింది. దాని కుట్టు తప్పో ఒప్పో ఇంట్లో తేలదు, నలుగురిలో తేలాల. ఏసుకోరా."

మా ఆయన ఉద్యోగంలో స్టేషన్‌ మాస్టరు మాట కాదన్న సందర్భాలున్నాయి. తల్లి మాట కాదన్నది నేను చూడలేదు. దూరాడు. వీపు వైపు తెరిచి ఉంచాను గాని, దాన్ని మూయడానికి బొత్తాలో, కొక్కేలో పెట్టాలన్నది నాకు అప్పటిదాకా గుర్తే రాలేదు. టైము లేదు, దబ్బనం తీసుకుని మెడదాకా కుట్టేశాను. ఇలా నా జీవితంలో రెండోసారి నాలుగో వైపు కూడా కుట్టేశాను, ఈసారి దిండు లోపలుండగానే.

మా ఇంటినుంచి గుడికి అయిదు నిమిషాల నడక. ఎలుగు తలమీది ఎండుచేపల వాసనకి పలాస పిల్లులన్నీ మా వెనక ఊరేగింపుగా వచ్చాయి. కాశీబుగ్గ పిల్లులు కాస్త ఆలస్యంగా వచ్చి కలిశాయి.

గుడి పక్కవాకిట్లో టీచరమ్మ వెండికాగితం కిరీటం ఒకటి పట్టుకుని వెలుగు కోసం ఎదురుచూస్తోంది. మమ్మల్ని చూసి ఆవిడ రంగు కూడా కాగితంలాగే అయింది. విప్పేయమంది. విప్పడానికి లేదండీ, కుట్టేశాను అన్నాను. ఏం కుట్టేశారంది. ఆయన్నే అన్నాను. ఇంతలో లోపల సంఘపెద్ద లేచి, గొంతు సవరించుకుని, "ఇప్పుడు ఎలుగు వత్తాది" అని ప్రకటించేశాడు. టీచరమ్మకి ఇంకేం చేయాలో తోచలేదు. చేతిలో ఉన్న కిరీటాన్ని ఎలుగు తలమీద పెట్టేసింది.

వేదికమీద నలుగురు గొర్రెలకాపరులు చలిమంట చుట్టూ కూర్చుని ఉన్నారు. చీకటికి భయపడుతున్నట్టు వాళ్ళు నటించాలి. మా ఆయన వంగి, ఊగుతూ, చేతులు వేలాడేసుకుని లోపలికి నడిచాడు. ఆయనకి వేరే దారి లేదు, నిటారుగా నిలబడితే వెనక చిరుగుతుంది. ఆ పొట్టి చొక్కా నడిపిన నడక ఏ నటుడూ నడవలేడు. మధ్యకొచ్చి ఆగి, కార్డులో ఉన్న రెండు ముక్కలూ చెప్పాడు. రైల్వే ఉద్యోగి కదా, 'వె'ని ఒత్తి పలికాడట. బుట్టా, కొబ్బరిచిప్పా కలిసి దాన్ని లోపలే తినేశాయి. బయటికి వచ్చింది ఇది:

"బయపడకండి. ఎలుగొచ్చింది."

కాపరుల్లో ముగ్గురు నటించడం మానేసి దిగిపోయారు. నాలుగోవాడు కాలు మడత పడి ఆలస్యంగా దిగాడు. ముందు వరసలో కూర్చున్న ఒక ముసలమ్మ, ఔను, ఎలుగే అంది, ఎవరో అడిగినట్టు. కాని వీళ్ళెవరూ లెక్కలోకి రారు. కిటికీ పక్కన మా మావ కూర్చుని ఉన్నాడు. ఆ కాళ్ళు కుట్టినవాడు, ఆ మెడ దువ్వినవాడు, ఆ బుట్ట తెచ్చినవాడు, లోపల ఉన్నది సొంత మేనల్లుడని తెలిసినవాడు. ఆయన ఒక్క ఉదుటున లేచి, కిటికీలోంచి బయటికి దూకేశాడు.

అందరూ ఆ కిటికీవైపు తిరిగారు. తర్వాత గుడి పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు. పెంకులు మూడే జారాయని ఒప్పుకుంటాను. మా పాస్టరు అయ్యగారు తెలివైన మనిషి, లేచి నిలబడి, ఎంత నల్లటివాడి గుండెమీదనైనా ఇంత తెల్లమచ్చ పెట్టేవాడు దేవుడని పావుగంట వాక్యం చెప్పి, నాటకాన్ని గట్టెక్కించాడు. మచ్చ పెట్టింది నా పెళ్ళిచీరని నేను లేచి చెప్పలేదు.

బయట గుడి అరుగుమీద నేను మా ఆయన వీపు కుట్టు కోసి విప్పుతుంటే, మావ బట్టలకంటిన మన్ను దులుపుకుంటూ వచ్చాడు. మా ఆడబిడ్డ అక్కడే ఉంది. చేతిలో తాడు కూడా ఉంది. మా అత్త అందరూ వింటుండగా తమ్ముణ్ణి అడిగింది, నువ్వు కుట్టిందే కదరా, నీకు తెలిసిందే కదా, ఎందుకు దూకావని.

మావ ఆ ఖాళీ తొడుగుని చేత్తో పట్టుకుని, మెడ దగ్గర బొచ్చు ఒకసారి వేళ్ళతో తిరగేసి చూశాడు. నవ్వలేదు.

"కుట్టినప్పుడు గోనె అక్కా. నడిసినప్పుడు ఎలుగు."

మా అత్త కూతురివైపు తిరిగి, తాడు ఆ గోనెమూట కట్టుకోడానికి కావాలి, ఇలా ఇవ్వమంది. అంతే. ఇంక మిషను మాట ఎవరూ ఎత్తలేదు. మా ఆడబిడ్డ ఆ రాత్రి బండికి వట్టి చేతులతో వెళుతూ, తనకి ఒక జాకెట్టు కుట్టి పంపమని నాతో చెప్పి వెళ్ళింది. మంచి మనిషే.

నాలుగురోజులకి టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. కోపంగా వచ్చిందనుకున్నాను. చేతిలో జాకెట్టు గుడ్డ ఉంది, లేతాకుపచ్చది. కొలతలు తీసుకున్నాను. ఆవిడ వెళ్ళాక మిషను ముందు కూర్చుని, సూది లేని మిషనుతో ఆ గుడ్డని ఏం చేయాలా అని చూస్తున్నాను. బట్టీనుంచి వచ్చిన మా అత్త కాళ్ళు కడుక్కుని, కొంగుముడి విప్పి, కాగితంలో చుట్టిన కొత్త సూది తీసి నా ఒడిలో పడేసింది.

ఎప్పుడు కొన్నావని అడిగాను. విరిగిన మర్నాడేనంది. గుడ్డ లేని మిషను చప్పుడు నాకు తెలవదేటి, పదేళ్ళు తిప్పినదాన్ని అంది. మరి ఇన్నాళ్ళూ ఎందుకివ్వలేదంటే, సూది ఉంటే ఎవరైనా కుడతారంది.

సూది ఎక్కించింది నేనే. ఆవిడ ఆ నల్లటి వేళ్ళని వెనక్కి పెట్టుకుని, గుడ్డకి తగలకుండా దూరంగా వంగి నిలబడి, దారం ఎటునుంచి ఎటు తీయాలో చెప్పింది. పిడి తిప్పాను. గుడ్డ కదిలింది. ఆవిడ లోపలికి వెళుతూ వెళుతూ గుమ్మంలో ఆగింది.

"జాకెట్టు కూడా సూరు కాణ్నించి మొదలెట్టు," అంది. "పీచు మాత్తరం ఎట్టకు."